కాలనీ నారుమడి: మిద్దెతోటల కోసం మనమే నారు పెంచి ఇచ్చే పద్ధతి

జూన్‌లో మొదటి వాన పడగానే మా కాలనీలో మిద్దెతోటల వాళ్లందరిదీ ఒకటే వెతుకులాట. గ్రో బ్యాగుల్లో మట్టి కలిపి పెట్టుకుని ఉంటారు, అందులో నాటడానికి మంచి నారు దొరకదు. రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్మే వంగనారు ఏ రకమో, ఎన్ని రోజులదో అమ్మేవాళ్లకే తెలియదు. వేళ్లకు మట్టి ఉండదు, ఇంటికి తెచ్చేసరికి తల వాల్చేస్తుంది. పోనీ ఇంట్లోనే నారు పోసుకుందామంటే, టమాటా గింజలు గ్రాముకు దాదాపు 300 ఉంటాయి. నాలుగు మొక్కలు కావలసిన మనిషి మూడొందల గింజలు కొని ఏం చేసుకోవాలి?

అదే పొట్లం అరవై ఇళ్లకు సరిపోతుంది. కాలనీ నారుమడి ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ లెక్కే.

మేము హైదరాబాద్‌లో, కాలనీ పార్కు మూలన ఒక చిన్న షేడ్‌నెట్ పందిట్లో ఈ పని చేస్తున్నాం. ఇన్ని సీజన్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటి: నారు పంచే రోజును ముందు ఖాయం చేసుకోవాలి. గింజ ఎప్పుడు వేయాలి, ఎన్ని ట్రేలు కావాలి, ఎవరు నీళ్లు పోయాలి అన్నవన్నీ ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. మొదట్లో మేము దీన్ని తిరగేసి చేశాం. గింజలు దొరికినప్పుడు వేసి, నారు ఎదిగాక "వచ్చి తీసుకెళ్లండి" అని గ్రూపులో మెసేజ్ పెట్టేవాళ్లం. అప్పటికి సగం మంది ఊళ్లో ఉండేవారు కాదు, ఉన్నవాళ్ల బ్యాగులు ఖాళీగా ఉండేవి కావు. నారు ట్రేల్లోనే ముదిరిపోయేది.

ముందు అడగండి, తర్వాత కట్టండి

పందిరి కట్టకముందే కాలనీలో ఎవరికి ఏం కావాలో రాయించుకోండి. వాట్సాప్‌లో "ఎవరికి నారు కావాలి" అని అడిగితే అందరూ చెయ్యెత్తుతారు, దాన్ని నమ్ముకుంటే నష్టపోతాం. ఇల్లు, మొక్క పేరు, ఎన్ని, ఖాళీగా ఉన్న కుండీలు ఎన్ని అని నాలుగు గళ్ల కాగితం ఇచ్చి నింపమనండి. కుండీల సంఖ్య రాయాల్సి వచ్చేసరికి మనిషి సరైన లెక్క చెబుతాడు. ఎనిమిది కుండీలున్న ఇంటికి ముప్పై టమాటా మొక్కలు అక్కర్లేదని అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంటికి ఇరవై మొక్కల చొప్పున అరవై ఇళ్లకు 1200. మొలవనివి, చచ్చేవి, పంచేటప్పుడు తీసి పారేసేవి పోను మిగలాలంటే నాలుగో వంతు కలుపుకోవాలి. అంటే 1500. ఒక ప్రోట్రేలో, అంటే నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రేలో, 98 గుంతలు ఉంటాయి కాబట్టి పదహారు ట్రేలు చాలు. ట్రే సుమారు 54 సెంటీమీటర్ల పొడవు, 27 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మూడున్నర అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉన్న ఒక్క బెంచీ మీద ఇరవై నాలుగు ట్రేలు పడతాయి. అలాంటి రెండు బెంచీలు, మధ్యలో మూడడుగుల దారి వేసుకుంటే పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు స్థలంలో అరవై ఇళ్ల నారు పెరిగి, కుండీల మొక్కలకు ఇంకా చోటు మిగులుతుంది. పెద్ద పాలీహౌస్ ఆలోచన పెట్టుకోకండి. ఖర్చు సంగతి అటుంచి, అంత చోటు చూసుకునే మనుషులు కాలనీలో దొరకరు.

పందిరి

గ్రీన్‌హౌస్ అనగానే చాలామందికి అన్ని వైపులా పాలిథిన్ కప్పిన గది గుర్తొస్తుంది. చలి దేశాల్లో అది వేడిని లోపల పట్టి ఉంచడానికి కడతారు. మనకు ఏప్రిల్, మే నెలల్లో బయటే నలభై డిగ్రీలు దాటుతుంది, ఆ గదిలో నారు ఉడికిపోతుంది. మనం ఎండను తగ్గించాలి, వానను ఆపాలి, పురుగును రానివ్వకూడదు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు కప్పులు కావాలి.

ఎండకు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ పైన వేయండి. చల్లగా ఉంటుందని 75 శాతం నెట్ తీసుకునేవాళ్లను చూశాను. దాని కింద నారు వెలుతురు చాలక దారంలా సన్నగా సాగి, నాటిన రోజే వంగిపోతుంది. పురుగుకు నాలుగు పక్కలా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) తెల్లటి ఇన్‌సెక్ట్ నెట్ కట్టాలి. తెల్లదోమను ఆపేది ఇదే. టమాటా, మిరపల్లో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది తెల్లదోమ, నారు దశలో ఆ వైరస్ తగిలిన మొక్క ఇక కాపుకు రాదు. దుకాణంలో షేడ్‌నెట్‌నే చుట్టూ కట్టుకోమంటారు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ హాయిగా లోపలికి వస్తుంది. డబ్బు తక్కువైతే బెంచీలు చెక్కతో చేయించుకోండి, ట్రేలు తగ్గించుకోండి, ఈ నెట్ మీద మాత్రం మిగుల్చుకోవద్దు. వానకు జూన్ నుంచి అక్టోబరు దాకా పైన 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ షీట్ ఒకటి వాలుగా వేసి, వానాకాలం అయ్యాక తీసేయాలి.

పందిరి మధ్యలో పదడుగుల ఎత్తైనా ఉండాలి. తక్కువ ఎత్తులో కడితే వేడి గాలి మొక్కల తలల మీదే నిలిచిపోతుంది. జీఐ పైపుల కాళ్లను రెండడుగుల లోతు కాంక్రీటులో పాతించండి. వేసవి గాలివానలకు మా మొదటి పందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది, దాని కాళ్లు అడుగు లోతే ఉండేవి. తలుపు దగ్గర మరో మూడడుగుల చిన్న గది కట్టి రెండో తలుపు పెట్టండి. పురుగు లోపలికి రాకుండా, ఒకటి మూశాకే రెండోది తీయాలి.

బెంచీ రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే పెద్దవాళ్లు నడుం వంచకుండా పని చేసుకోగలరు. మా నారుమడిలో ఎక్కువ సమయం ఇచ్చేది రిటైరైన వాళ్లే, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బెంచీ కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి, లేకపోతే చీమలు గింజలు ఎత్తుకుపోతాయి. నేల మీద కంకర పరిస్తే బురద ఉండదు, కలుపు తక్కువ. స్థలం పార్కుదైతే కాలనీ సంక్షేమ సంఘం తీర్మానం, మున్సిపాలిటీ అనుమతి కాగితం మీద తీసుకోండి. కమిటీ మారినప్పుడు నోటిమాట పనికిరాదు.

నీళ్లు పరీక్షించండి

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉంటే నారు మొదటి వారం బాగానే ఉండి, తర్వాత ఆకు అంచులు మాడటం మొదలవుతుంది. మొదటి ఏడాది మేము దీన్ని తెగులనుకుని ఏవేవో పిచికారీ చేశాం. ఒక పెద్దాయన తన ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ కోసం కొన్న టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచేది) తెచ్చి ముంచితే 1100 చూపించింది. నారుకు 500 లోపు ఉంటే నిశ్చింత. అంతకంటే ఎక్కువైతే నల్లా నీళ్లు డ్రమ్ములో ఒక రాత్రి నిల్వ ఉంచి వాడండి, వానాకాలంలో పందిరి పాలిథిన్ మీద నుంచి జారే నీళ్లను పట్టుకోండి.

కేలండరు: పంచే రోజు నుంచి వెనక్కి

టమాటా నారు 25 రోజులకు నాటడానికి వస్తుంది. వంకాయకు 35, మిరపకు 40 రోజులు కావాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్లకు 25 నుంచి 30. అన్నీ ఒకే రోజు విత్తితే టమాటా ముదిరే వేళకు మిరప ఇంకా లేతగా ఉంటుంది. అందుకే జూన్ 25న పంచాలనుకుంటే మిరప మే 16న, వంకాయ మే 21న, టమాటా మే 31న వేయాలి. ఈ తేదీలను పందిరి తలుపు మీద పెయింటుతో రాయించాం.

ఇందులో ఒక చిక్కుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మనం గింజ వేసేది దాదాపు ఆ రోజుల్లోనే. 35 డిగ్రీలు దాటితే మిరప, టమాటా గింజలు సరిగా మొలవవు. కాబట్టి వేసవిలో విత్తిన ట్రేలను పందిట్లో పెట్టకండి. మొలక వచ్చేదాకా ఎవరింట్లోనైనా చల్లటి గదిలో, కింది అంతస్తులో ఉంచండి. మొలక తల ఎత్తగానే పందిట్లోకి తెచ్చేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా గదిలో వెలుతురు చాలక సాగిపోతుంది.

రెండో పంపిణీ అక్టోబరు మొదట్లో. మిద్దెతోటలకు ఏడాది మొత్తంలో ఇదే మంచి కాలం, టమాటా బాగా కాసేదీ అప్పుడే. క్యాబేజీ, కాలీఫ్లవర్ సెప్టెంబరు మొదటి వారంలో పోసుకోవాలి. మూడోది జనవరి చివర, వేసవి కాపు కోసం. ఆ నారును డిసెంబరు చలిలో మొలిపించాలి. రాత్రులు 15 డిగ్రీల కంటే దిగితే మిరప రెండు వారాలైనా తల ఎత్తదు. అప్పుడు మాత్రం బెంచీ మీద వెదురు బద్దలు వంచి పాలిథిన్ కప్పండి, ఎండ ఎక్కాక తీయండి, పొద్దువాలకముందే మళ్లీ కప్పండి. మన దగ్గర పాలిథిన్ గది అవసరమయ్యేది ఈ నెలా నెలన్నరే.

ఇంకో చిన్న పంపిణీ కూడా మాకు అలవాటైంది, బంతి నారు. నారుకు నెల, నాటాక పూతకు సుమారు రెండు నెలలు పడుతుంది. దసరాకు మూడు నెలల ముందు విత్తితే బతుకమ్మకు, గుమ్మాల తోరణాలకు ఇంటి పూలే వస్తాయి. కూరగాయలు పెంచని ఇళ్లవాళ్లు కూడా బంతి నారు కోసం వస్తారు. వాళ్లలో కొందరు మరుసటి ఏడాది టమాటా అడుగుతారు.

గింజలు

పొట్లం వెనక లాట్ నంబరు, పరీక్షించిన తేదీ, గడువు, మొలక శాతం ఉంటేనే కొనండి. ప్రమాణాల ప్రకారం టమాటా, వంకాయ విత్తనాలకు కనీసం 70 శాతం, మిరపకు 60 శాతం మొలక ఉండాలి. అంటే మంచి మిరప పొట్లంలోనూ పదికి నాలుగు మొలవకపోవచ్చు. మిరప ట్రేలు మిగతావాటికంటే ఎక్కువ వేసుకోవడానికి కారణం ఇదే. ఏ పొట్లమైనా విత్తే రోజుకు పది రోజుల ముందే పది గింజలు తీసి తడిగుడ్డలో చుట్టి చూడండి. ఒకసారి ఈ పని చేయకుండా ఒక దుకాణంలో తెచ్చిన మిరప గింజలు నేరుగా వేశాం. ఐదు ట్రేలలో మొత్తం నలభై మొలకలు వచ్చాయి. మళ్లీ వేసేసరికి సీజను దాటింది.

రకాల విషయంలో నా పక్షపాతం దేశవాళీ, సూటి రకాల వైపే. వాటి గింజ దాచుకుంటే మరుసటి ఏడాది అవే లక్షణాలతో మొక్క వస్తుంది. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే అలా రాదు. కానీ టమాటాలో వైరస్ బెడద మరీ ఎక్కువగా ఉన్న చోట హైబ్రిడ్ వద్దని పట్టుబట్టను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా ఎండు తెగులును తట్టుకుంటుంది. వంకాయలో భాగ్యమతి, మిరపలో గుంటూరు లాం పరిశోధన స్థానం ఇచ్చిన రకాలు మన ఎండలకు అలవాటుపడ్డవి. వీలైతే జీడిమెట్లలోని ఉద్యానశాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు ఒకసారి వెళ్లి ప్రోట్రేల్లో నారు ఎలా పెంచుతారో కళ్లారా చూసి రండి. రాసింది పదిసార్లు చదివినదానికంటే ఆ ఒక్క పూట ఎక్కువ నేర్పుతుంది.

ట్రేలు నింపడం, విత్తడం

ఐదు కిలోల కోకోపీట్ ఇటుక నీళ్లలో నానితే సుమారు 70 లీటర్ల పొడి అవుతుంది. పదహారు ట్రేలకు ఒకటి సరిపోయి ఇంకా మిగులుతుంది. దీన్ని కడగకుండా వాడకండి. కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది. గోనెసంచిలో పోసి మూడుసార్లు మంచినీళ్లు పారించి పిండాలి. పిండిన నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచి చూస్తే ఉప్పు దిగిందో లేదో తెలిసిపోతుంది.

కడిగిన కోకోపీట్ మూడు పాళ్లకు వర్మీకంపోస్టు ఒక పాలు కలపండి. ఈ వర్మీకంపోస్టును వారం ముందే సిద్ధం చేసుకోవాలి. పది కిలోలకు కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం పొడి) కలిపి, కొద్దిగా తడిపి, నీడలో తడి గోనె కప్పి ఉంచితే వారం పది రోజుల్లో తెల్లటి, పచ్చటి బూజు అల్లుకుంటుంది. అది మంచి బూజు, నారుకుళ్లు తెగులును అడ్డుకునేది అదే. కొత్తగా వచ్చినవాళ్లు పాడైపోయిందనుకుని పారబోయకుండా ముందే చెప్పి ఉంచండి.

మిశ్రమం చేతిలో పిండితే ముద్దవ్వాలి, నీరు కారకూడదు. ట్రేలు నింపేటప్పుడు గట్టిగా అదమవద్దు, ఒకసారి నేలకు తట్టి సర్దితే చాలు. నిండిన ట్రే మీద ఇంకో ఖాళీ ట్రే పెట్టి మెల్లగా నొక్కితే ప్రతి గుంత మధ్యలో అర సెంటీమీటరు గుంట పడుతుంది. అందులో గుంతకో గింజ వేసి పైన పలచగా కోకోపీట్ చల్లండి. గింజ రంగు పూసి ఉంటే దానికి ముందే మందు పట్టించారని అర్థం, పిల్లలచేత ముట్టించవద్దు. రంగు లేని గింజలకు చిటికెడు ట్రైకోడెర్మా పట్టించి నీడలో ఆరనివ్వాలి. ఇంట్లో ఆవుపేడ దొరికేవాళ్లు దానితో చేసే బీజామృతం అనే విత్తనశుద్ధి ద్రావణం వాడుకుంటున్నారు, అదీ మంచిదే.

విత్తిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఒక ఖాళీ ట్రే పెట్టి, మొత్తాన్ని పాలిథిన్‌తో చుట్టండి. లోపలి తడి ఆరకుండా ఉంటుంది కాబట్టి నీళ్లు పోయనక్కర్లేదు. మూడో రోజు నుంచి రోజూ తీసి చూడాలి. టమాటా నాలుగు, ఐదు రోజులకు, వంకాయ ఏడు రోజులకు, మిరప ఎనిమిది పది రోజులకు తెల్లటి మొలక చూపిస్తుంది. అక్కడొకటి ఇక్కడొకటి కనిపించగానే ట్రేలు విడదీసి పరిచేయాలి. అన్నీ మొలిచాక తీద్దామనుకుంటే ముందు మొలిచినవి పైట్రే అడుగుకు తగిలి మెడ వంకరపోతాయి.

ప్రతి ట్రేకు రకం, విత్తిన తేదీ రాసిన చీటీ గుచ్చండి. పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను ఇంకు నీళ్లకు పోతుంది. మొలకల్లో వంకాయనూ మిరపనూ పోల్చడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టమే.

నీళ్లు పోయడం ఒక విద్య

నారుమడిలో చచ్చే మొక్కల్లో ఎక్కువ భాగం అతినీటికే చస్తాయి. మొదళ్లు నీళ్లలో నానినట్టు మెత్తబడి, నిన్న నిలబడ్డ మొక్క ఈరోజు పక్కకు పడిపోతే అది నారుకుళ్లు. ఒక మూల మొదలై రెండు రోజుల్లో ట్రే అంతా పాకుతుంది. పడిపోయిన గుంతలను, వాటి చుట్టూ ఉన్న గుంతలను మిశ్రమంతో సహా తీసి దూరంగా పారేయండి. ఆ ట్రేను విడిగా పెట్టి, ఒకరోజు నీళ్లు ఆపి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి.

రాకుండా చూసుకోవడం సులువు. ఉదయం సన్నటి రంధ్రాలున్న పూలక్యానుతో పోయండి. వేసవిలో మధ్యాహ్నం ఇంకోసారి కావాలి, కానీ సాయంత్రం నాలుగు దాటాక పోయవద్దు, ఆకు తడితో రాత్రిలోకి వెళ్లకూడదు. పోయాలా వద్దా అని పైన చూసి చెప్పలేం, ట్రేను ఎత్తి చూడాలి. తడి ట్రే బరువు, ఆరిన ట్రే బరువు రెండు రోజుల్లో చేతికి తెలిసిపోతాయి. బెంచీ అంచున ఉన్న ట్రేలు గాలికి త్వరగా ఆరతాయి, నడిమివి ఆలస్యంగా. అన్నిటికీ ఒకే లెక్కన పోస్తే సగం కుళ్లి సగం ఎండుతాయి.

మొలిచిన పన్నెండో రోజుకు మొదటి నిజమైన ఆకులు, అంటే మొలకతో వచ్చే జంట ఆకుల తర్వాతివి, వస్తాయి. అప్పుడు లీటరుకు 2 గ్రాముల 19:19:19 ఎరువు, లేదా పది రెట్లు నీళ్లు కలిపిన వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి దిగే నీళ్లు) ఇవ్వండి. వారం తర్వాత ఇంకోసారి. అంతకుమించి వద్దు, ముదురాకుపచ్చగా గుబురుగా పెరిగిన నారు చూడ్డానికి బాగుంటుంది గానీ మిద్దె మీది ఎండకు నిలవదు.

పసుపు జిగురు అట్టలు బెంచీకి రెండు చొప్పున మొక్కల తలల ఎత్తులో వేలాడదీయండి. వాటి మీద తెల్లదోమ కనిపించిందంటే నెట్‌లో ఎక్కడో చిరుగు ఉందని, ముందు దాన్ని వెతకాలి. తర్వాతే వేపమందు, లేత నారుకు లీటరుకు 3 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట పిచికారీ చేయాలి. మిరపాకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుర్తు. ముడుచుకున్న మొక్క ఎవరికీ ఇవ్వకండి.

డ్యూటీలు

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. మా దగ్గర నారు పోసినవాళ్లు ఇరవై మంది. మే నెలలో ఒక శనివారం పెళ్లి ఉండి సగం కాలనీ ఊరెళ్లింది, ఉన్నవాళ్లు పక్కవాళ్లు పోసి ఉంటారనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే పదకొండు ట్రేలు గడ్డిలా ఎండిపోయాయి. వాటి ముందు ఒక అమ్మాయి ఏడ్చేసింది, రెండు వారాలుగా స్కూలుకెళ్లేముందు రోజూ వచ్చి చూసుకునేది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. రోజుకు ఒక్క పేరే. ఇద్దరి పేర్లుంటే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. ఆ మనిషి నీళ్లు పోశాక ట్రేల ఫోటో ఒకటి గ్రూపులో పెట్టాలి. తొమ్మిదింటికి ఫోటో రాకపోతే దగ్గర ఇంటివాళ్లు ఫోన్ చేస్తారు. ఊరెళ్లేవాళ్లు తమ రోజును ఎవరితో మార్చుకున్నారో గోడ మీది కాగితంలో రాయాలి. రోజూ ఫోటోలు ఉండటం వల్ల ఇంకో లాభం కలిగింది. ఏదైనా ట్రే పాడైతే వెనక్కి వెళ్లి ఏ రోజు మొదలైందో చూసుకోగలుగుతున్నాం.

ప్రోట్రేలో వేయకూడనివి

బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, పాలకూర నేరుగా కుండీలోనే విత్తుకోవాలి. వీటికి నారు అడిగితే గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇవ్వండి. పెద్ద పొట్లాన్ని ఇలా పదిళ్లకు పంచడం కూడా నారుమడి పనే.

బీర, సొర, కాకర, దోస వేళ్లు కదిలిస్తే ఓర్చుకోవు. వీటిని అడుగున కన్నం పెట్టిన పేపరు కప్పుల్లో వేసి రెండు నిజమైన ఆకులు రాగానే, అంటే 12 నుంచి 15 రోజులకు, కప్పు చింపి మట్టిగడ్డతో సహా నాటించాలి. సొర, దోస గింజలంటే ఎలుకలకు ప్రాణం. ఒక్క రాత్రిలో కప్పులన్నీ తవ్వి పప్పు తినేసి పొట్టు వదిలేస్తాయి. మొలిచేదాకా వాటిపైన ఇనుప జాలీ బోర్లించండి.

కరివేపాకు ఏడాది పొడవునా అడుగుతారు. నల్లగా పండిన కాయలు కోసి, గుజ్జు కడిగి, వారం లోపే విత్తాలి. ఎండబెట్టి దాస్తే మొలక శక్తి పోతుంది. పుదీనా, బచ్చలి, తమలపాకు కొమ్మలు పెడితే వస్తాయి. మల్లె కొమ్మలు వానాకాలంలో పెడితే వేరు పడుతుంది. కాలనీలో ఎవరింట్లో మంచి మల్లె ఉందో అందరికీ తెలుసు, ఆ ఇంటివాళ్లను అడగండి, కాదనరు.

గట్టిపరచడం, పంచడం

పంచే రోజుకు వారం ముందు నుంచి నారును మిద్దె బతుకుకు అలవాటు చేయాలి. మొదటి రెండు రోజులు ఉదయం ఎండలో రెండు గంటలు, తర్వాత సగం పూట, చివరికి రోజంతా బయట పెట్టాలి. నీళ్లు తగ్గించండి, మధ్యాహ్నం ఆకు కొద్దిగా వాలితే కంగారుపడకండి, సాయంత్రానికి లేస్తుంది. కాండం ముదురు రంగుకు తిరిగి పెన్సిల్ సీసంకంటే కొంచెం లావుగా అయితే సిద్ధమైనట్టే. గుంతలోంచి మొక్కను లాగితే మిశ్రమం విడిపోకుండా వేళ్లు అల్లుకుని గడ్డగా రావాలి.

వయసు దాటిన నారు ఇవ్వవద్దు. ఈ ఒక్క నియమం దగ్గర మొహమాటం పనికిరాదు. ట్రేలోనే పూత పట్టిన టమాటా నాటాక ఎదగదు. నలభై రోజులు దాటిన కాలీఫ్లవర్ నారు గుండీలంత పువ్వు వేసి ఆగిపోతుంది. మొదటి ఏడాది అలాంటి నారును పారేయడానికి మనసు రాక పంచాం. తీసుకున్నవాళ్లు మూడు నెలలు నీళ్లు పోసి, ఎరువు వేసి, ఏమీ రాక, తమకే చేతకాదనుకున్నారు. వాళ్లలో ఇద్దరు మళ్లీ మొక్కల జోలికి రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ముదిరిన నారును కంపోస్టులో వేసేయండి.

పంచడం సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి, ఇంటికెళ్లి చల్లటి పూటే నాటుకుంటారు. గంట ముందు ట్రేలను బాగా తడిపితే మొక్క తేలిగ్గా ఊడి వస్తుంది. కాండం పట్టి లాగకుండా అడుగునుంచి వేలితో నెట్టి తీయాలి. పది మొక్కల చొప్పున తడి న్యూస్‌పేపరులో చుట్టి, పైన రకం, విత్తిన తేదీ రాసి ఇవ్వండి. నాటిన మూడు రోజులు నీడ కల్పించమని, మొదటి వారం ఎరువు వేయవద్దని ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పండి. కాగితం మీద అచ్చు వేసి ఇస్తే ఎవరూ చదవరు.

డబ్బు విషయం సింపుల్‌గా ఉంచాం. గింజలు, కోకోపీట్, మందుల ఖర్చును మొక్కల సంఖ్యతో భాగించి, దానికి అర్ధ రూపాయి కలిపి తీసుకుంటాం, ఆ అర్ధ రూపాయి నెట్ మార్చడానికి. డ్యూటీ చేసినవాళ్ల దగ్గరా అంతే తీసుకుంటాం, లేకపోతే పేచీలు వస్తాయి. కాలనీ దాటి బయటివాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే ముందు మీ ప్రాంత ఉద్యాన అధికారిని కలవండి. ఉద్యాన నర్సరీల నమోదు చట్టం 2010 నుంచి ఉంది.

ప్రతి రకంలో రెండు మొక్కలు పంచకుండా ఉంచి పందిరి బయట కుండీల్లో నాటండి. "నాది ఇంకా పూత రాలేదండీ" అని ఫోన్ వచ్చినప్పుడు మీ మొక్క దగ్గరకు వెళ్లి చూసి జవాబు చెప్పొచ్చు. మన మొక్కకూ పూత రాకపోతే తప్పు గింజదో నారుదో, వాళ్లది కాదు. ఆ మాట వాళ్లకు వెంటనే చెప్పి, రిజిస్టరులో ఆ లాట్ నంబరు పక్కన రాసుకోండి.

మరునాడు ఖాళీ ట్రేలను బ్లీచింగ్ పౌడరు నీళ్లలో అరగంట ముంచి, కడిగి, ఎండలో ఆరబెట్టాలి. మా కాలనీలో ఆ పని పిల్లలది. వాళ్లు ట్రేలు ఆరబెడుతుండగానే పెద్దవాళ్లం తలుపు మీద తర్వాతి మిరప తేదీ రాస్తాం.